కొబ్బరి డొక్కల సాక్ష్యం

"ఓడ వచ్చే శుక్రవారం," అన్నాడు గోపాలకృష్ణ, చేతిలోని కాగితం మీద నుంచి కళ్లెత్తకుండా. "పెనాంగు రేవులో ఎక్కిస్తారు. మద్రాసులో దింపుతారు."

కూర్మమ్మ ముళ్లకంచెకు ఇవతల నిలబడి వింది. కంచె రెండు వరసలు. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ. ఏడు నెలలుగా ఎవరితో ఏం మాట్లాడాలన్నా ఆ ఖాళీ మీదుగానే.

"దింపి?"

"దింపితే అంతేనమ్మా. అక్కడి నుంచి మీ ఊరు వెళ్లొచ్చు."

"మా ఊరు బాగన్ దాతుక్ బావూ."

"కాగితంలో శ్రీకాకుళం అని ఉంది."

"అది మా అయ్య ఊరు. నాను పుట్టింది కొబ్బరితోటలో, ఆరో నంబరు లైను ఇంట్లో. మా అయ్య ఊరు ఏ పక్కనుంటాదో నాకేటి తెలుసు? ఓడ దిగి ఎటు నడవాల? కుడికా, ఎడంకా?"

గోపాలకృష్ణ కూడా ఈ మలయా దేశంలోనే పుట్టాడు. జార్జ్ టౌన్ మనిషి. తాత ఏదో ఎస్టేటులో గుమాస్తా. తండ్రి బజారులో బట్టల కొట్టు పెట్టుకున్నాడు. ఇతను సర్కారు దుబాసీ అయ్యాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో సిరా పెన్ను. పోయిన వారమే ఈ నిర్బంధ శిబిరానికి వచ్చాడు. అంతకు ముందు అరవ దుబాసీ ఉండేవాడు, ఆయన కూర్మమ్మ మాటల్లో సగం మింగేసి మిగిలిన సగం చెప్పేవాడు.

"రేపు పది గంటలకి విచారణ సంఘం కూర్చుంటుంది," అన్నాడు గోపాలకృష్ణ. "ముగ్గురు పెద్దలు. వాళ్లు నమ్మితే మీరు ఇంటికి. నమ్మకపోతే ఓడ. మళ్లీ ఇంకో విచారణ ఉండదు."

"నా మీదున్నదేటో ఒకపాలి సదువు. మన బాసలో సదువు. ఏడు నెల్లయింది, ఎవురూ సరిగ్గా సెప్పలేదు."

అతను చదివాడు. ఏప్రిల్ నెలలో సైనికులు తోట అవతలి చిత్తడి అడవిలో తెల్లదొరల మీద తిరగబడ్డ కమ్యూనిస్టుల మకాం ఒకటి పట్టుకున్నారు. మనుషులు దొరకలేదు. ఒక గోనెసంచికి సరిపడా కొబ్బరి డొక్కలు, అంటే కాయ మీది పీచు తొక్కలు, దొరికాయి. డొక్కల పీచులో బియ్యపు గింజలు చిక్కుకుని ఉన్నాయి. అంటే కొబ్బరికాయల్లో బియ్యం దాచి ఎవరో కంచె దాటించారు. ఆ ఎస్టేటులో కాయలు ఒలిచే కూర్మమ్మ, తాను కాయలు కంచె దాటించిన మాట నిజమేనని ఒప్పుకుంది.

కూర్మమ్మ చెయ్యెత్తింది. "ఆగు. డొక్కలా? సిప్పలు కాదా?"

"డొక్కలే. ఒక సంచి. పోలీసు స్టేషన్‌లో సీలు వేసి ఉంచారు."

ఏడు నెలల్లో ఆ మాట ఆమె చెవిన పడటం అదే మొదటిసారి. కాయల్లో బియ్యం అన్నారు, నువ్వే ఇచ్చావు అన్నారు, అరిచారు. డొక్కలు దొరికాయని ఎవరూ అనలేదు. ఇరవై రెండేళ్లుగా రోజుకి వెయ్యి కాయలు ఒలిచే మనిషికి డొక్క అంటే మొహం లాంటిది. చూస్తే ఎవరిదో తెలుస్తుంది.

"బావూ, రేపు ఆ సంచి రావాల."

"అది పోలీసుల సొత్తు కూర్మమ్మా. అడిగితే తెస్తారని చెప్పలేను."

"సంచి రాకపోతే నాను ఓడెక్కుతాను. వొస్తే ఇంటికెల్తాను. మద్దిన నువ్వున్నావు. రాయి కాయితం."

గోపాలకృష్ణ ఆమె మొహంలోకి చూశాడు. జేబులోంచి పెన్ను తీశాడు.

* * *

ఆ ఒప్పుకోలు సంగతి చెప్పుకోవాలి. దానివల్లే ఇదంతా.

సంవత్సరం కిందట సర్కారు వాళ్లు తోటలో కూలీలు వరసగా ఉండే లైను ఇళ్లన్నీ పీకించి, ఒకే చోట గుంపుగా కట్టించి, చుట్టూ కంచె వేశారు. అడవిలోని వాళ్లకి తిండి అందకూడదని. గేటు దగ్గర మగవాళ్లని సిపాయి తడిమేవాడు, ఆడవాళ్లని ఆ పనికి పెట్టిన లెచ్చుమి తడిమేది. పనికి వెళ్లేవాళ్లు మధ్యాహ్నం కూడు కూడా మూట కట్టుకోకూడదు. గుప్పెడు బియ్యం దొరికినా జైలే.

అంతా లోపలికి వచ్చారు గాని, నూకాలమ్మ బయట ఉండిపోయింది. పాత లైన్ల చివర కూర్మమ్మ అత్తింటి పెద్దలు నిలబెట్టిన రాయి అది. కొత్త అమావాస్య నాడు ఆ రాయి ముందు అయిదు కాయలు కొట్టాలి. కాయ ఒలిచినప్పుడు పిలక ఉంచి ఒలవాలి, పిలక లేని కాయ అమ్మవారికి పనికిరాదు. కొట్టాల్సింది కూర్మమ్మ ఇంటి ఆడది. అత్త కొట్టేది, అత్త పోయాక కూర్మమ్మ కొట్టేది. మొగుడు పోయినా ఆ వంతు పోలేదు.

ఆ ఏడాదీ గంపలో అయిదు పిలక కాయలు పెట్టుకుని గేటు దగ్గరికి వెళ్లింది. లెచ్చుమి గంపలో చెయ్యి పెట్టింది. పిలకలు తగిలాయి. చెయ్యి వెనక్కి తీసుకుని దణ్ణం పెట్టి, మొహం అటు తిప్పుకుంది. కూర్మమ్మ దాటిపోయింది.

రెండు వారాలకి పోలీసులు వచ్చారు. కూలీల మీద పెత్తనం చేసే కంగాణి వీరసామి ఆమె ఇంటి వైపు వేలు చూపించాడు. "కాయలు కంచె దాటించావా?" అని అడిగారు. లేదంటే సరిపోయేది. ఎవరు చూశారు? కానీ అమ్మవారికి ఇచ్చిన కాయని ఇవ్వలేదని ఏ నోటితో అంటుంది? అంటే ఒంట్లోని రక్తం నీళ్లయిపోదూ! "దాటించినాను," అంది. "గేటు దగ్గర ఎవరు వదిలారు?" అన్నారు. దానికి మాత్రం నోరు విప్పలేదు. విప్పితే లెచ్చుమి కూడా ఇటువైపే, ఈ కంచె లోపలే ఉండేది.

అంతే. పదహారేళ్ల కూతురు రత్నావతి ఒక్కతీ లైనింట్లో మిగిలిపోయింది. తల్లి పుట్టిన దేశంలోనే శత్రువైపోయింది.

"నీ చేతులు చూడు," అంది ఆ సాయంత్రం శిబిరం బారకాసులో పక్కచాప మీది చీనా మనిషి. ఆమె పేరే 'ఆ మూయ్'. తమ్ముడు అడవిలోకి పోయిన పాపానికి ఆమెని పట్టుకొచ్చారు. ఇద్దరూ వచ్చీ రాని మలాయ్‌లో మాట్లాడుకుంటారు. "దొరసాని చేతులైపోయాయి. రేపు వాళ్లకి ఏం చూపించి నమ్మిస్తావ్?"

కూర్మమ్మ అరచేతులు చూసుకుంది. నిజమే. ఇరవై రెండేళ్ల కాయలు కాసిన తోలు ఏడు నెలల్లో పొరలు పొరలుగా ఊడి, లోపల గులాబి రంగు చర్మం వచ్చింది.

"పొయ్యి కాడ బూడిదుంటే తెచ్చిపెట్టు," అంది. "రుద్దుకుంటాను."

"బూడిదతో దొరలు నమ్ముతారా?"

"దొరలు నమ్మకపోయినా పర్లేదు. కాయ జారకుండా ఉంటే సాలు."

* * *

విచారణ గదిలో పొడవాటి బల్ల. మధ్యలో నెరిసిన జుట్టు పెద్ద దొర. కుడివైపు నల్లటోపీ పెట్టుకున్న మలాయ్ పెద్దమనిషి. ఎడమవైపు చీనా షావుకారు, ఆయన చేతి గడియారాన్ని బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. పక్కగా పోలీసు దొర. కుర్రాడు, ఎండకి మొహం కందిపోయి ఉంది. కూర్మమ్మని ఎప్పుడో ఓడ ఎక్కించేసినట్టే ఉన్నాడు.

మూల కుర్చీలో ఎస్టేటు తరఫు సాక్షి. కంగాణి వీరసామి, టోపీ ఒళ్లో పెట్టుకుని.

గోడ వారన సీలు వేసిన గోనెసంచి!

కూర్మమ్మ గోపాలకృష్ణ వైపు చూసింది. అతను చూడనట్టు పెన్ను మూత తిప్పుకుంటున్నాడు.

పోలీసు దొర చెప్పాల్సింది గబగబా చెప్పేశాడు. వీరసామి లేచి వంత పాడాడు.

"ఈవిడ అమాసకోపాలి గంపట్టుకుని బయటికెల్తాది దొరా. నాను కళ్లారా సూసినాను. ఏటే అంటే అమ్మోరు, అమ్మోరు అంటాది."

"అమాసకోపాలా కంగాణీ?" అంది కూర్మమ్మ. "ఏడాదికోపాలి. అమ్మోరి పెసాదం కొబ్బరి ముక్క నీ ఇంటికీ పంపినాను, తిన్లేదేటి? అమాసకోపాలి తిన్నావా?"

వీరసామి గొంతు సవరించుకుని కూర్చున్నాడు. గోపాలకృష్ణ అక్షరం పొల్లుపోకుండా ఇంగ్లీషులో చెప్పాడు. మలాయ్ పెద్దమనిషి మీసాల చాటున నవ్వాడు.

"నువ్వు చెప్పుకునేది ఏమైనా ఉందా?" అన్నాడు పెద్ద దొర.

"సంచి ఇప్పించండి దొరా. అందులోవి సూస్తాను."

పోలీసు దొర అడ్డం పడ్డాడు. చూడటానికేం లేదు, ఒప్పుకోలు ఉంది, ఇంకా నలుగురి కేసులున్నాయి. చీనా షావుకారు గడియారం వైపు చూశాడు. పెద్ద దొర ఆలోచించాడు.

"పది నిమిషాలు," అన్నాడు. "గదిలో దుమ్ము వద్దు. బయట."

* * *

శిబిరం వాకిట్లో సంచి బోర్లించారు. కంచె అవతల ఆడఖైదీలు ఒక్కొక్కరే వచ్చి చేరారు. అందరికంటే ముందు ఆ మూయ్.

కూర్మమ్మ గొంతుక్కూర్చుంది. ఒక డొక్క తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. తిప్పింది. అంచు మీద వేలు నడిపింది. ఇంకొకటి తీసింది.

"ఇది ఒలిసిన డొక్క కాదు బావూ. కోసిన డొక్క."

"తేడా ఏమిటి?" అన్నాడు పెద్ద దొర, గోపాలకృష్ణ నోట విని.

"నోటితో సెప్పితే అవ్వదు. ఓ గునపం ఇప్పించండి. డొక్కున్న కాయలు అయిదు ఇప్పించండి."

శిబిరం తోటపనికి వాడే గునపం వచ్చింది. మొన పైకి పెట్టి నేలలో దిగేశారు. వంటశాల నుంచి కాయలు వచ్చాయి. కూర్మమ్మ చీర కుచ్చెళ్లు దోపుకుని, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది. కాయ జారిందా, ఇంతే సంగతులు.

మొదటి కాయ ఎత్తింది. మొన మీద ఒక్క పోటు, ఒక వంపు. డొక్క చిరిగిన చప్పుడు. తిప్పి ఇంకో పోటు. మూడో పోటుకి నున్నటి కాయ చేతిలో ఉంది, నేల మీద మూడు పొడుగాటి డొక్కలు పడి ఉన్నాయి. గడియారంలో ముల్లు పది సెకన్లు దాటలేదు.

రెండో కాయ. మూడో కాయ. నాలుగో కాయకి అరచెయ్యి చీరుకుంది. బూడిద మీద నెత్తురు ఎర్రగా కనిపించింది. ఆపలేదు. అయిదో కాయని కాస్త నెమ్మదిగా ఒలిచింది. కాయ కళ్ల మీద జడలాంటి పిలక నిలబెట్టి, బల్ల మీద పెట్టే దీపంలా రెండు చేతులతో పెద్ద దొర ముందు పెట్టింది.

"ఇది అమ్మోరి కాయ. నాను కంచె దాటించింది ఇలాటివి అయిదు. దీనికి డొక్కెక్కడుంది? బియ్యం ఏడ దాస్తాను, పిలకలోనా?"

కంచె అవతల నవ్వులు. ఆ మూయ్ ఈల వేసింది.

"ఇది సులువైన పనే," అన్నాడు పోలీసు దొర, మొహం మరింత ఎర్రబడి. ఒక కాయ తెప్పించుకుని మొన మీద ఎత్తి కొట్టాడు. కాయ దిగబడింది. పైకి లాగాడు, రాలేదు. తిప్పాడు, గునపం కదిలింది గాని కాయ కదల్లేదు. చివరికి గునపంతో సహా ఊడి వచ్చి వెల్లకిలా పడబోయాడు. ఈసారి చీనా షావుకారు కూడా నవ్వాడు.

"సూసినారా దొరా," అంది కూర్మమ్మ. "మొన మీద ఒలిస్తే డొక్క సీలికలవుద్ది. మళ్లీ అతకదు. ఈ సంచిలోవి సూడండి. పరాంగ్ కత్తితో మద్దికి కోసినారు. రెండు దొప్పలు. మా ఒలుపు షెడ్డులో కత్తుండదు. తోటలో మగాళ్ల కాడే ఉంటాది, పొద్దుగూకితే ఆపీసులో పెట్టి తాళమేస్తారు."

పెద్ద దొర రెండు రకాల డొక్కలూ చేతుల్లోకి తీసుకుని చూశాడు. తల ఊపాడు. కూర్మమ్మ ఊపిరి పీల్చుకుంది.

తొందరపడింది. పోలీసు దొర దుమ్ము దులుపుకుని వచ్చి నిలబడ్డాడు.

"కాయలు ఒలవడం వచ్చని చూపించింది, సరే. కత్తి ఎవరి దగ్గరైనా తీసుకోవచ్చు. డొక్కున్న కాయలు షెడ్డు నిండా ఉంటాయి. ఆమె నిజాయితీ గురించి దీనివల్ల ఏం తేలింది? ఇవి ఆమె తీసుకెళ్లలేదని ఎలా తేలింది?"

గోపాలకృష్ణ ఆ మాటల్ని తెలుగులో చెప్పేటప్పుడు గొంతు బాగా తగ్గింది. పెద్ద దొర డొక్కలు కింద పెట్టేసి చేతులు తుడుచుకున్నాడు. షావుకారు గడియారం జేబులో వేసుకున్నాడు.

కూర్మమ్మకి శుక్రవారం కళ్ల ముందు నిలబడింది. రేవు, ఓడ, మెట్లు. కుడికా, ఎడంకా.

మళ్లీ కూలబడింది. వేరే ఏం చెయ్యాలో తెలియక చేతులకి వచ్చిన పని చేసింది, డొక్కల్ని సర్దడం మొదలుపెట్టింది. షెడ్డులో రోజూ చేసే పనే. ఒక దొప్ప తీసింది. దాని జోడు వెతికింది. రెండూ కలిపితే నిండు కాయలా మూసుకుంది, లోపల డొల్ల. పక్కన పెట్టింది. ఇంకో దొప్ప, దాని జోడు. రెండో కాయని పక్కన పెట్టబోతే మొదటి కాయ కూడా కదిలింది.

రెండింటి మధ్యా ఏదో ఉంది. డొక్క నుంచి చీల్చిన పీచు పట్టె, ఈ కాయదీ ఆ కాయదీ కలిపి వేసిన ముడి. ఎండి తాడులా బిగుసుకుపోయింది.

ఇంకో జత తీసింది. ముడి. ఇంకొకటి. ముడి. ఆరు జతలు. అన్నింటికీ అదే ముడి.

"దొరా!" అంది. "ఎల్లిపోకండి. ఇవి సూడండి."

అందరికంటే ముందు వంగింది మలాయ్ పెద్దమనిషి. ఒక జత చేతికి తగిలించుకుని గాలిలో ఊపి చూశాడు. మొహం వెలిగింది.

"ఇది సైకిలు ముడి," అన్నాడు. "మా నాన్నకి కొబ్బరితోట ఉండేది. సంతకి ఇలాగే తీసుకెళ్లేవాడు, జతలు కట్టి, సైకిలు అడ్డకడ్డీ మీద అటొకటి ఇటొకటి వేసుకుని. ముడి బిగిస్తే కోసిన చీలిక కనపడకుండా మూసుకుపోతుంది కూడా." అని కూర్మమ్మ వైపు తిరిగి మలాయ్‌లోనే అడిగాడు, దుబాసీ కోసం ఆగకుండా. "నీకు సైకిలు ఉందా?"

"ఆడోళ్లం గంపలో మోస్తాం తువాన్. నెత్తిన. జతలు కట్టం."

"మీ కంచె లోంచి డొక్కున్న కాయలు బయటికి ఎందుకు వెళ్తాయి?"

"ఎల్లవు. కాయ తోటలోంచి లోనికొస్తాది, ఒలుపుకి. బయటికెల్లీవి ఒక్కటే..."

ఆగిపోయింది.

రోజూ పొద్దున్నే షెడ్డు గుమ్మంలోంచి కనిపించిన సంగతి. కళ్ల ముందే ఉండీ ఏడు నెలలుగా ఆలోచనకి రాని సంగతి. గేటు దగ్గర సిపాయి నిటారుగా నిలబడి సలాం కొడతాడు. సైకిలు గంట మోగుతుంది. అడ్డకడ్డీ మీద కాయల జతలు ఊగుతూ ఉంటాయి.

తల తిప్పి చూసింది. వీరసామి టోపీని చేతుల్లో నలుపుతున్నాడు. కళ్లు నేల మీద ఉన్నాయి.

పేరు చెబితే వాడి గతేమిటో ఆమెకి తెలుసు. ఈ కంచె ఎలా ఉంటుందో కూడా తెలుసు. చెప్పకపోతే శుక్రవారం. రత్నావతి మొహం మళ్లీ చూడదు. కూర్మమ్మ పైకి లేచి నిలబడింది.

"బయటికెల్లీవి బంగళా కాయలు. మేనేజరు దొర వొంట కుసినీకి రోజూ ఎల్తాయి. ఒలిస్తే పాడైపోతాయని డొక్కతోనే పంపుతారు. అవి దొరగారి కాయలు గదా, గేటు కాడ ఎవురూ ముట్టుకోరు. ఎవురు తీసుకెల్తారో గేటు పుస్తకంలో రాసుంటాది. నాకు సదువు రాదు. మీకొచ్చును. మీరు సదవండి."

గేటు పుస్తకం పోలీసు దొర చంకలోనే ఉంది. కూర్మమ్మ బయటికి వెళ్లిన రోజులు చూపించడానికి తనే తెచ్చాడు. తెరిచాడు. ఒక పేజీ తిప్పాడు. ఇంకొకటి. చదవడం ఆపేశాడు. పెద్ద దొర చెయ్యి చాపి పుస్తకం తీసుకుని పైకి చదివాడు. గోపాలకృష్ణ ఎవరూ అడక్కుండానే తెలుగులో చెప్పుకుంటూ పోయాడు.

"ఉదయం ఆరున్నర. సైకిలు. బంగళా కాయలు. తనిఖీ లేదు. మర్నాడు ఉదయం ఆరున్నర. సైకిలు. బంగళా కాయలు. తనిఖీ లేదు. ఆ మర్నాడు..."

పెద్ద దొర పుస్తకం మూశాడు.

"మీరు ఆ బంగళాలో ఎప్పుడైనా భోంచేశారా?" అని పోలీసు దొరని అడిగాడు.

"ప్రతి ఆదివారం, సార్."

"కూర బాగుంటుందా?"

వీరసామి ఉన్నచోటనే నేల మీద కూర్చుండిపోయాడు. ఎవరూ అతని పేరు ఎత్తలేదు, ఎవరూ అతన్ని ముట్టుకోలేదు.

"ఏటి సేసీది కూర్మమ్మా!" అన్నాడు ఏడుపు గొంతుతో. "అడివిలోనోళ్లు మెడ మీద కత్తెట్టినారు. ఇయ్యకపోతే నన్నూ, నా ఇంటిదాన్నీ నరికేస్తామన్నారు."

"ఎట్టినారు, నిజమే కావచ్చు. ఆ కత్తి నీ మెడ మీంచి తీసి నా మెడ మీదెట్టినావు. అది మాత్రం నీ పనే కంగాణీ."

ఇద్దరు సిపాయిలు వచ్చి అతన్ని లేపి తీసుకెళ్లారు. కంచె అవతల ఆడవాళ్లు రేకు పళ్లేలు మోగించారు. ఆ మోత ఆగడానికి చాలాసేపు పట్టింది.

* * *

మళ్లీ గదిలోకి వెళ్లాక పెద్ద దొర గుమాస్తా చేత కాగితం టైపు చేయించాడు. సంతకాలు పడ్డాయి. సిరా డబ్బా కూర్మమ్మ ముందుకి జరిపారు.

"ఒక్క మాట," అన్నాడు పోలీసు దొర, పోయిన పరువులో కాస్తయినా తిరిగి తెచ్చుకుందామని. "ఆ అయిదు కాయలతో ఈమెని గేటు దాటనిచ్చింది ఎవరో ఇంకా చెప్పలేదు."

గోపాలకృష్ణ తెలుగులో అడిగాడు.

"నూకాలమ్మ," అంది కూర్మమ్మ.

పెద్ద దొర ఆ పేరు రాసుకోలేదు. "చాలు," అన్నాడు.

కూర్మమ్మ బొటనవేలు సిరాలో ముంచి, కాగితం మీదికి తెచ్చి, గాలిలోనే ఆపింది.

"ఏటి రాసుందో సదువు బావూ."

"ఏముందమ్మా, మామూలు రాత. వెయ్యండి."

"మామూలు రాత సదివితే నీ కళ్లు అరిగిపోవు గదా."

గోపాలకృష్ణ చదివాడు. ప్రభుత్వం వారు దయతలచి, ఈ స్త్రీని క్షమించి, పోలీసుల కనుసన్నల్లో ఉండాలనే షరతు మీద విడుదల చేస్తున్నారు.

బొటనవేలు వెనక్కి వెళ్లింది.

"చ్చమించి? నానేటి సేసినానని చ్చమిస్తారు? తప్పు సేసినోళ్లకి దయ సూపిస్తారు. నాకెందుకు?"

"అమ్మా," అన్నాడు గోపాలకృష్ణ మెల్లగా, బతిమాలుతున్నట్టు. "అందరికీ ఇదే రాస్తారు. వేలిముద్ర వేసేస్తే సాయంత్రానికి ఇంట్లో ఉంటారు. వాళ్లకి కోపం వస్తే ఓడ ఇంకా రేవులోనే ఉంది."

"ఉండనీ. శుక్రవారం దాకా ఈ గుమ్మంలోనే కూకుంటాను. రేపు నా గుంటకి పెళ్లి సెయ్యాల. పెళ్లోరు వొచ్చి నీ తల్లి జైలుకెందుకెల్లినాది అనడిగితే, దొరలు చ్చమించినారు అని సెప్పాలా? ఇంగిలీసులో సెప్పు. మింగకుండా సెప్పు."

గోపాలకృష్ణ మెడ దగ్గర బొత్తాం సవరించుకున్నాడు. సర్కారు జీతగాడు. దుబాసీ పని అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవెయ్యడం, అంతే. లేచి నిలబడ్డాడు. కూర్మమ్మకి ఇంగ్లీషు రాదు. కానీ అతను పెళ్లి మాట చెప్పినప్పుడు మలాయ్ పెద్దమనిషి గట్టిగా తల ఊపడం చూసింది. ఆమె చెప్పిన దానికంటే అతను ఎక్కువసేపే మాట్లాడాడని కూడా గ్రహించింది. చివరిలో అతని గొంతు కాస్త పైకి లేచింది.

పెద్ద దొర కాగితం తన ముందుకి లాక్కున్నాడు. ఒక గీత గీశాడు. ఇంకో గీత. పైన నాలుగు మాటలు చేత్తో రాసి, దాని పక్కన మళ్లీ సంతకం పెట్టాడు.

"ఈ స్త్రీ మీద ఏ నేరమూ రుజువు కాలేదు," అని చదివాడు గోపాలకృష్ణ. చదువుతూ నవ్వేశాడు. "షరతులు లేవు. కనుసన్నలూ లేవు."

కూర్మమ్మ బొటనవేలిని మళ్లీ సిరాలో ముంచింది. కాగితం చిరిగిపోతుందేమో అన్నంత గట్టిగా నొక్కింది.

* * *

గేటు బయట రోడ్డు పక్కన రత్నావతి రేకు పెట్టె మీద కూర్చుని ఉంది. ఓడ కబురు విని, వేకువ బస్సు పట్టుకుని, తల్లికి కావాల్సినవన్నీ సర్దుకుని వచ్చింది. రెండు కొత్త చీరలు, దుప్పటి, ఊరగాయ జాడీ, ఓడలో కడుపులో తిప్పితే చప్పరించడానికి ఎండబెట్టిన అల్లం. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి. గేటు తెరుచుకుని తల్లి ఒక్కతే, పక్కన సిపాయి లేకుండా నడిచి వస్తుంటే, లేవడం కూడా మరిచిపోయింది.

"అమ్మా, ఏటిది? లారీ ఏది? రేవుకి నడిపించుకుని ఎల్తారా?"

"ఏ రేవే?"

"ఓడ..."

"ఓడ ఎల్లిపోతాది. నాను లేకండా." కూర్మమ్మ కట్టు కట్టిన చెయ్యి దాచుకుని, రెండో చేత్తో కూతురి జుట్టు సరిచేసింది. "ఏటే, ఇలా సిక్కిపోయినావు? షెడ్డులో నా సోట్లో ఎవురు ఒలుస్తున్నారు?"

"నానే."

"ఎన్ని?"

"ఆరొందలు."

"ఆరొందలేటి, సిగ్గులేదా? వెయ్యి ఒలవాల. రేప్పొద్దున సూపిస్తాను రా."

రత్నావతి ఏడుస్తూ నవ్వింది. ఆ నవ్వూ ఏడుపూ ఎంతసేపటికీ ఆగలేదు. లోపల్నుంచి మళ్లీ పళ్లేల మోత వినిపించింది. కూర్మమ్మ వెనక్కి తిరిగి, కంచె దాకా వినబడేలా అరిచింది.

"ఆ మూయ్! నీ కాయితంలో ఏటుందో సదివించుకో! ఊరికే ఏలు ముంచేకు!"

తెలుక్ ఆన్సన్ మీదుగా వెళ్లే బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. తల్లీకూతుళ్లు రేకు పెట్టెని చెరో పక్కా పట్టుకుని ఎక్కించారు. కండక్టరు పెట్టె వైపు, కూర్మమ్మ కట్టు వైపు, వెనకాల కంచె వైపు అనుమానంగా చూశాడు.

"ఎక్కడికి?"

"బాగన్ దాతుక్," అంది కూర్మమ్మ. "రెండు టిక్కెట్లు."